మా అత్తయ్య చూపించని పన్ను

మా అత్తయ్య పోయారు. పోయి ఇంకా నెల తిరగలేదు. కబురు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడల్లా అవతలివాళ్ళు అడిగింది ఒకటే: "గుండెపోటా?" కాదు. "మరి షుగరా?" షుగరుంది, కానీ అదొక్కటే కాదు. పన్ను. కింది దవడలో కుడివైపు, బాగా వెనకాల, ఒక్క పన్ను. ఆ మాట అనగానే గొంతు తగ్గించి, "అదేంటమ్మా, నువ్వు పళ్ళ డాక్టరువే కదా?" అంటారు.

అవును, నేను పళ్ళ డాక్టర్నే. అమీర్‌పేటలో, బల్కంపేట వైపు పోయే సందులో, మేముండే ఇంటి కిందే నా క్లినిక్. అత్తయ్య పడుకునే మంచానికీ, నా పేషెంట్లు కూర్చునే కుర్చీకీ మధ్య మెట్లు తప్ప అడ్డం లేదు. మా ఆయన మాత్రం ఎవరడిగినా "ఇన్‌ఫెక్షన్ అండీ" అని ఊరుకుంటున్నారు, నా పరువు కాపాడదామని. నాకు ఆ దాపరికం అక్కర్లేదు. ఆవిడ పన్నుతోనే పోయారు. పుచ్చిన పన్నుని వదిలేస్తే మనుషులు పోతారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నాకిప్పుడు ఎవర్నీ నమ్మించే ఓపిక లేదు.

అత్తయ్యది తెనాలి దగ్గర ఊరు. మావయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో ఇక్కడేదీ నచ్చలేదు ఆవిడకి. "ఇదేం పేటే అమ్మాయ్, ఎటు చూసినా హాస్టళ్ళూ, కోచింగు బోర్డులూ. ఒక్క వాకిట్లో ముగ్గు లేదు" అనేవారు. టీవీ అంటే ఇష్టం లేదు. పొద్దుపోక మెల్లగా మెట్లు దిగి, క్లినిక్ ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ ఒకటి సొంతం చేసుకున్నారు. దానిమీద ఇంకెవరు కూర్చున్నా ఆవిడకి ఊపిరాడేది కాదు. అక్కడ కూర్చుని మల్లెపూలు కట్టేవారు, వత్తులు చేసేవారు, లోపల నేను పేషెంట్లతో చెప్పే మాటలన్నీ చెవులు రిక్కించి వినేవారు.

వినీ వినీ అన్నీ పట్టేశారు. కొన్నాళ్ళకి నా వంతు మాట్లాడ్డం కూడా ఆవిడే మొదలుపెట్టారు. మా సందులో హాస్టలు పిల్లలు ఎక్కువ. ఉద్యోగాల పరీక్షలకి చదువుకునేవాళ్ళు. తిండి సరిగ్గా తినరు, గంటకో చాయ్, చాయ్‌తో బిస్కెట్లు. దవడ పట్టుకుని వస్తారు, నొప్పికి మాత్ర రాసివ్వమంటారు, వైద్యం మాత్రం పరీక్ష అయ్యాక అంటారు. అలా అన్న కుర్రాడొకణ్ణి అత్తయ్య గుమ్మం దగ్గరే ఆపేశారు.

"ఏమయ్యా, నీ పరీక్ష అయ్యేదాకా నీ పన్ను ఆగుతానందా? దానికీ హాల్ టికెట్టు ఇచ్చారా ఏంటి?"

వాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నా బల్లమీద ఉండే ప్లాస్టిక్ దవడ తెచ్చుకుని, దాని నోరు బార్లా తెరిచి చూపిస్తూ పాఠం అందుకున్నారు. "ఇదిగో, ఇటు చూడు. నువ్వు తీపి తిన్నావనుకో, నోట్లో ఉండే క్రిములకి విందు. అవి తిని పులుపు కక్కుతాయి. ఆ పులుపుకి పన్ను పైపొర కరుగుతుంది. మొదట సుద్దలాగా తెల్లమచ్చ పడుతుంది. అప్పుడొస్తే మందు పూసి, పేస్టుతోనే ఆపుతుంది మా కోడలు. గొయ్యి పడ్డాక వస్తే సిమెంటు పెడుతుంది. నరం దాకా పోయాక వస్తే లోపలంతా శుభ్రం చేసి రూట్ కెనాల్ చెయ్యాలి. అప్పటికీ రాకపోతే ఏం చేస్తుంది, నా తలకాయ చేస్తుందా?"

నేను కాలేజీలో ఏళ్ళ తరబడి చదివింది ఆవిడ అలా నాలుగు ముక్కల్లో చెప్పేసేవారు. నాకు గొప్పగా ఉండేది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మా ఎదురింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడ ఉంటుంది, సందులో అందరూ ఖాలా అంటారు, పిన్ని అని. ఆవిడా, అత్తయ్యా మంచి స్నేహితులు. ఖాలా మనవరాలికి ముందు పళ్ళన్నీ గోధుమరంగుకి తిరిగి అరిగిపోయాయి. చక్కెర వేసిన పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టే అలవాటు. నేను చెబితే ఖాలా తేలిగ్గా తీసేసింది.

"పాల పండ్లే గదా డాక్టరమ్మ, ఎట్లైనా ఊడిపోయేటివే. గింత దానికి ఫికర్ ఎందుకు?"

అత్తయ్య పూలు పక్కన పెట్టి లేచారు. "ఊడిపోయేవే అయితే మాత్రం? వాటి కింద అసలు పళ్ళు కూర్చునున్నాయి. పైన ఇల్లు తగలబడుతుంటే కింద వాటాలో వాళ్ళు నిద్రపోతారా? పిల్ల అన్నం నమల్లేక ఏడుస్తుంటే నీకు వినబడట్లేదా?"

"అమ్మో, మీ అత్త మస్తు గరం ఉన్నది" అంది ఖాలా నాతో. మర్నాడు పిల్లని తీసుకొచ్చింది. పాలసీసా మానిపించింది కూడా. నా మాటకి కదలని మనిషి అత్తయ్య మాటకి కదిలింది. ఆవిడ మాటలో అంత బలం ఉండేది.

ఆ మనిషి, ఊరందరి నోళ్ళూ నా ముందు తెరిపించిన ఆ మనిషి, తన నోరు మాత్రం నాకు చూపించలేదు.

ఎంగిలి. మన ఇళ్ళల్లో దీని గురించి చెప్పక్కర్లేదు. కానీ మా అత్తయ్య పట్టింపు అందరి పట్టింపులాంటిది కాదు. గ్లాసు పెదవికి తగలకుండా మంచినీళ్ళు ఎత్తి పోసుకునేవారు. వండుతూ ఉప్పు చూసేవారు కాదు, వాసనతోనే పోల్చుకునేవారు. కన్నకొడుకు కొరికిన జామకాయ కూడా ముట్టేవారు కాదు. బాత్రూమ్ తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పళ్ళు తోముకునేవారు, పుక్కిలించిన శబ్దం కూడా బయటికి రాకూడదని. తన బ్రష్ ఎక్కడ దాచేవారో ఇంట్లో ఎవరికీ తెలీదు.

వచ్చిన కొత్తలోనే అన్నాను. "అత్తయ్యా, షుగరున్నవాళ్ళకి పళ్ళూ చిగుళ్ళూ తొందరగా పాడవుతాయి. ఒక్కసారి కుర్చీలో కూర్చోండి, చూస్తాను."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "చాల్లే ఊరుకో. నా ఎంగిలి నీ చేత ముట్టించనా? అన్నం పెట్టే చెయ్యి అది. ఇంటి కోడలివి. నాకు పాపం చుట్టుకోదూ?"

"గ్లవ్స్ వేసుకుంటానండీ."

"గ్లవ్సు చేతికి వేసుకుంటావు. మరి నా మనసుకేం తొడుగుతావు?"

ఇదీ వరస. కోపంగా అనేవారు కాదు, అదే నాకు చేతకాకుండా పోయింది. కోపమైతే పోట్లాడేదాన్ని. అది నామీద గౌరవం. నన్ను మైలపరచకూడదని ఆవిడ పట్టుదల. నా చెయ్యి రోజూ ఎన్ని నోళ్ళలో తిరుగుతుందో ఆవిడకి తెలుసు. "అది నీ వృత్తి. వాళ్ళు పరాయివాళ్ళు" అనేవారు. నాతో చుట్టరికమే నాకు అడ్డం వచ్చింది. ఇంతకన్నా దిక్కుమాలిన సంగతి ఉంటుందా?

షుగరు వల్ల ఆవిడకి నోరు ఊరికే ఎండిపోయేది. జపం చేసుకుంటూ చిన్న పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేవారు. "చలవమ్మా, గొంతు తడి కోసం" అనేవారు. నేను పట్టుకున్నాను ఒకసారి. తీపి ఎంత తిన్నామన్నది కాదు, ఎంతసేపు పంటికి అంటిపెట్టుకుని ఉందన్నది అసలు సంగతి అని గొంతు చించుకుని చెప్పాను. "అత్తయ్యా, మీరు ఎంగిలి ఎంగిలి అంటారే, ఆ లాలాజలమే పంటిని కాపాడేది. క్రిములు కక్కిన పులుపుని కడిగేది అదే. మెత్తబడ్డ పంటిని మళ్ళీ గట్టిచేసేది అదే. మీకు అది తక్కువైంది. దానికి తోడు ఈ పటికబెల్లం."

ఆవిడ ఆశ్చర్యపోయారు. "ఎంగిలికి అంత పుణ్యముందా!" అన్నారు. మర్నాడు ముందుగదిలో కూర్చున్నవాళ్ళందరికీ ఆ ముక్క కూడా చెప్పారు. పటికబెల్లం మాత్రం మానలేదు, ముక్క సైజు తగ్గించారు.

పోయిన ఏడాది ఎండాకాలంలో నొప్పి మొదలైంది. నాకు చెప్పలేదు. నేనే కనిపెట్టాను. ఎడమవైపే నములుతున్నారు, మంచినీళ్ళు తాగితే కుడి కన్ను మూసుకుంటున్నారు. లవంగం నూనె వాసన. అడిగితే, "ఏం లేదు, కాస్త జివ్వుమంటోంది" అన్నారు. జివ్వుమంటోందంటే నరం ఇంకా బతికుందన్నమాట. అప్పుడు చూసుంటే పన్ను కూడా దక్కేది. నేను బతిమాలాను, అరిచాను, అన్నం మానేస్తానన్నాను. ఆవిడ కొంగు తియ్యలేదు.

సరే, నా చేతికి వద్దంటే పరాయి చేతికి ఇద్దామని, పంజాగుట్టలో నాతో చదువుకున్న స్నేహితురాలి క్లినిక్‌కి మా ఆయన్ని తోడిచ్చి పంపాను. ఆవిడ పరాయిదే కదా, పాపం చుట్టుకోదు. వెళ్ళారు. అక్కడ పక్కన కూర్చున్న ఆవిడెవరో, దవడ పన్ను పీకించుకున్నాక తన చూపు మందగించిందని చెప్పిందట. అది నిజం కాదు. పంటికీ కంటికీ అలాంటి సంబంధం లేదు. ఆవిడ వయసుకి చూపు తగ్గి ఉంటుంది, నింద పన్ను మీద పడింది. కానీ మా అత్తయ్యకి కళ్ళే లోకం. పూలు కట్టాలి, సూదిలో దారం ఎక్కించాలి, పారాయణం చదువుకోవాలి. పేరు పిలిచేలోపే లేచి, "పదరా ఇంటికి" అన్నారు. కొడుకు మారు మాట్లాడకుండా తీసుకొచ్చేశారు. ఆ రోజు నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒకరోజు అత్తయ్య క్లినిక్‌లోకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. చేతిలో కొబ్బరిచిప్ప, పసుపు కుంకుమ.

"అమ్మాయ్, బల్కంపేట ఎల్లమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టొచ్చాను. నొప్పి పూర్తిగా పోయింది! చన్నీళ్ళు తాగినా ఏమీ లేదు. చూశావా, నువ్వు అనవసరంగా కంగారు పెట్టావు."

కుర్చీలో పేషెంటు ఉన్నాడు. నేను చేతిలో పనిముట్టు కింద పెట్టి, అక్కడే నిలబడి ఏడ్చేశాను. వైద్యం లేకుండా నొప్పి పోయిందంటే పన్ను బాగుపడిందని కాదండీ. లోపల నరం చచ్చిపోయింది. చచ్చినదానికి నొప్పేముంటుంది? ఇక అక్కణ్ణుంచి చీము చప్పుడు చెయ్యకుండా వేరు కిందికి దిగుతుంది. నొప్పితో వచ్చే పేషెంటు అంటే నాకు భయం లేదు. "తగ్గిపోయింది" అంటూ నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళని చూస్తేనే నాకు భయం. ఇదంతా ఆవిడకి చెప్పాను. చెప్పింది ఆవిడకి అర్థమైంది కూడా. "నిజమేనేమో" అన్నారు. కొబ్బరిచిప్పలోంచి ఒక ముక్క తీస్తూ, "కానీ తల్లి తగ్గించాక మళ్ళీ అనుమానించకూడదమ్మా" అన్నారు. నా చేతిలో ఆ ముక్క పెట్టారు. మా ఆయన కూడా "తగ్గిందంటోందిగా, వదిలెయ్" అన్నారు. ఎవరూ నా పక్క లేరు. నిజం ఒక్కటే నా పక్కనుంది, దానికి ఆ ఇంట్లో విలువ లేదు.

నెలలు గడిచాయి. ఏమీ కాలేదు. బోనాల్లో బల్కంపేట అంతా జనం. అత్తయ్యా, ఖాలా మా గుమ్మంలో నిలబడి చూశారు. ఆవిడ ఆరోగ్యంగా, సంతోషంగా ఉంటే నాకే ఒక్కోసారి అనిపించేది, ఏమో, నేను చదివిందే తప్పేమోనని. ఆశపడ్డాను. అంత తెలిసినదాన్ని నేనూ ఆశపడ్డాను.

పోయిన నెల ఒక పొద్దున, ఇంట్లో ఇంకా కాఫీలు కాలేదు. అత్తయ్య నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. దవడ కింద నుంచి మెడ దాకా గట్టిగా వాచిపోయింది. చర్మం ఎర్రగా మెరుస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. నోట్లోంచి లాలాజలం కారుతోంది, మింగలేకపోతున్నారు. జన్మంతా ఒక్క చుక్క ఎవరి కంటా పడనివ్వని మనిషి. కొంగుతో తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నా చెయ్యి తీసుకుని తన బుగ్గ మీద పెట్టుకున్నారు.

"చూడమ్మా" అన్నారు. ముద్ద ముద్దగా. "నువ్వే చూడు."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో దేవుడికి తెలుసు. మంచం మీద కూర్చోబెట్టి, టార్చి తెచ్చి, "నోరు తెరవండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ ప్రయత్నించారు. తెరుచుకోలేదు. ఇన్‌ఫెక్షన్ దవడ కండరాలకి పాకితే నోరు బిగుసుకుపోతుంది. వేలు దూరే సందు కూడా లేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, కణతల దగ్గర నరాలు పొంగుతున్నాయి, ఆవిడ తెరవాలనే చూస్తున్నారు. తెరవలేకపోతున్నారు.

మా ఆయన ఊళ్ళో లేరు. ఖాలా చెప్పుల్లేకుండా సందు చివరికి పరుగెత్తి ఆటో తీసుకొచ్చింది. ఆసుపత్రి దాకా అత్తయ్య తల ఒళ్ళో పెట్టుకుని, "ఏం గాదు అక్కా, జర ఓర్చుకో, అల్లా ఉన్నడు, ఎల్లమ్మ ఉన్నది" అంటూనే ఉంది. అమీర్‌పేట మెట్రో కింద ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు దిగి మనుషుల్ని తిట్టింది. ఆసుపత్రిలో డాక్టర్లు బాగానే చూశారు. మెడకి కోత పెట్టి చీము తీశారు, గొంతులో గొట్టం వేశారు. షుగరు అదుపులోకి రాలేదు. చీము అప్పటికే ఛాతీలోకి దిగిపోయింది. మా ఆయన వచ్చేసరికి ఆవిడకి స్పృహ లేదు. నాతో అన్న ఆ రెండు మాటలే ఆఖరివి.

దశదిన కర్మ అయ్యాక క్లినిక్ తెరిచాను. తెరవకపోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? మొదట వచ్చినవాడు ఒక హాస్టలు కుర్రాడు. పైన దవడ పన్ను, పెద్ద గొయ్యి. ఎక్స్‌రే తీసి, నరం చచ్చిపోయింది, ఇవాళే మొదలుపెట్టాలి అన్నాను. "ఇప్పుడు నొప్పేం లేదు మేడమ్. మళ్ళొస్తే వస్త" అన్నాడు. వాడికి మా అత్తయ్య సంగతి చెప్పాను. మొత్తం. వాడు పాపం కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు, "సారీ మేడమ్" అన్నాడు, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. వాణ్ణి గుమ్మం దగ్గర ఆపేవాళ్ళు లేరు.

రాత్రి పడుకునే ముందు తోముకోండి, తీపి మాటిమాటికీ తినకండి, నొప్పి లేనప్పుడే చూపించుకోండి. రోజూ ఇవే చెబుతున్నాను. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినబడుతోంది. ఈ మాటలన్నీ ఒక మనిషికి బాగా తెలుసు. అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ పోయింది. ఇక తెలియడం వల్ల ఏం లాభం చెప్పండి? ఎవరన్నా నాకు జవాబు చెబితే బాగుండు.

ఒక్క సంగతి మిగిలింది, చెప్పి ఊరుకుంటాను.

ఆవిడ పోయిన పొద్దున, నర్సులు గొట్టాలు తీసేశాక, మమ్మల్ని లోపలికి రానిచ్చారు. చుట్టాలావిడ ఒకరు చిన్న సీసాలో తులసి తీర్థం తెచ్చారు. మా ఆయన సీసా అందుకుని, పొయ్యలేక వెనక్కిచ్చేశారు. "నువ్వు పొయ్యమ్మా" అన్నారు ఆవిడ నాతో. నేను ముందుకెళ్ళి, అలవాటు కొద్దీ, "నోరు తెరవండి అత్తయ్యా" అన్నాను. అని, బొటనవేలు గడ్డం మీద ఆనించి మెల్లగా నొక్కాను. కండరాల బిగువంతా వదిలిపోయింది కదా, తెరుచుకుంది. ఎంత తేలిగ్గా తెరుచుకుందో.

చూశాను. వెనకాల, కుడివైపు, ఆ ఒక్క పన్ను నల్లగా, సగం విరిగి ఉంది. తక్కినవన్నీ, ఆ ప్లాస్టిక్ దవడ మీద నేను పేషెంట్లకి నేర్పినట్టే తోముకున్న పళ్ళు. వాటి మొదళ్ళలో గార లేదు, ఎక్కడా మచ్చ లేదు. తలుపేసుకుని, కుళాయి తిప్పుకుని, నా మాట ప్రకారమే తోముకున్నారు అన్నాళ్ళూ.

తీర్థం పోశాను. పక్కకి కారిపోతుంటే వేళ్ళతోనే పెదవులు తుడిచాను. గ్లవ్స్ లేవు. "చెయ్యి కడుక్కోమ్మా, ఎంగిలి" అన్నారు వెనకనుంచి ఎవరో. నేను కడుక్కోలేదు. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ మీది తడి ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.